రొంగోరొంగో పలకల్లో పంచాంగం వెతకడం దండగేనా?

లెక్కలపిచ్చి: పసిఫిక్ సముద్రంలోని ఈస్టర్ దీవి లిపి రొంగోరొంగోను ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. కానీ మామరి అనే పలకలో నెలవంకల వరుస ఒక చాంద్రమాన నెల అని 1958లో జర్మన్ పరిశోధకుడు బార్తెల్ గుర్తుపట్టాడు. మిగతా పలకల్లోనూ వెతకాలంటాను. గుర్తుల మధ్య దూరాలు నేనే లెక్కగట్టా, 29 మళ్లీ మళ్లీ వస్తోంది.

పలకాబలపం: మామరిలో రాత్రులు ఇరవై ఎనిమిదా, ముప్పయ్యా? ముందు అది తేల్చండి.

లెక్కలపిచ్చి: 28. అవసరాన్నిబట్టి కలిపేవి మరో రెండు, హోటు, హిరో. 1990లో గై అనే పరిశోధకుడు వివరించాడు.

పలకాబలపం: అంటే 28 వచ్చినా, 29 వచ్చినా, 30 వచ్చినా చంద్రుడే! మా ఇంట్లో రెండు పంచాంగాలు. ఒకదాంట్లో ఏకాదశి శనివారం, ఇంకోదాంట్లో ఆదివారం. అమ్మ రెండ్రోజులూ ఉపవాసముండి కళ్లు తిరిగి పడిపోయింది. అచ్చులో ఉన్నవే కలవవు, మీరు చెక్కమీద గీతలతో బయల్దేరారు.

తెనాలిపిల్ల: అమ్మగారికి ఇప్పుడెలా ఉందండీ?

హరప్పా అభిమాని: ఇది మన సింధు లిపే కదా?

పలకాబలపం: 1932లో హెవెసీ అనే ఆయన అన్న మాట అది. రెండింటి మధ్యా వేల ఏళ్లు, సముద్రాలు. ఆ గోల ఇక్కడొద్దు బాబూ.

లెక్కలపిచ్చి: ఏకాదశికీ దీనికీ ఏంటండీ సంబంధం? మామరిలో పున్నమిదాకా చేప గుర్తు తల పైకి, ఆ తర్వాత కిందికి. పున్నమి గుర్తేమో చంద్రుడిలో పొయ్యి రాజేసే ముసలమ్మ.

పలకాబలపం: మామరిని ఎవరు కాదన్నారు? మీ 29 సంగతి చెప్పండి.

లెక్కలపిచ్చి: రెండేళ్ల సెలవులన్నీ దీనికే పోశా. ఒక పత్రికకు పంపితే ఒక్క లైనుతో తిప్పికొట్టారు, డిగ్రీ లేనివాణ్నని. మీరూ అదే బాపతు.

పలకాబలపం: డిగ్రీ ఎవడడిగాడు? ముసలమ్మ కథ మీకు పలక చెప్పిందా? దీవి మనుషులు చెప్పారు. రాత్రుల పేర్లు వాళ్ల నోట విని అంతకుముందే కొందరు రాసిపెట్టబట్టే బార్తెల్‌కు ఆ వరుస దొరికింది. మీ 29కి అలాంటి సాక్ష్యం ఏది?

లెక్కలపిచ్చి: మనుషుల మాటంటారా! తహితీలో బిషప్ జోసాన్ ముందు ఈ దీవివాడే మెటోరో ఇదే మామరిని చదివాడు. ఎదురుగా ఉన్న నెలను పోల్చుకోలేదు, కనబడిన బొమ్మల పేర్లు చెప్పుకుంటూ పోయాడు.

పలకాబలపం: 1862లో పెరూ బానిస వ్యాపారులు వచ్చి చదవగలిగినవాళ్లను ఎత్తుకుపోయాక మిగిలినవాడండీ ఆయన. ఆయన్నంటారేం?

లెక్కలపిచ్చి: అనట్లేదు. చదివేవాళ్లు లేరు, మిగిలింది ఓ రెండు డజన్ల చెక్కలు. లెక్కపెట్టక ఏం చెయ్యమంటారు?

పలకాబలపం: లెక్కపెట్టండి, ఎవరొద్దన్నారు? చదివేశానని చెప్పుకోకండి.

లెక్కలపిచ్చి: ఎక్కడ చెప్పుకున్నా?

పలకాబలపం: మీ ప్రొఫైల్లో. ‘రొంగోరొంగో చదివిన తొలి తెలుగువాడు’.

లెక్కలపిచ్చి: అది ఎప్పుడో పెట్టింది. తీసేస్తా. 29 మాత్రం తియ్యను.