13బీ రీబిల్డ్‌లో ఆయిల్ ప్రెషర్: రెగ్యులేటర్ పెంచాలా, పోయే దారులు మూయాలా?

కొత్తరోటర్
అందరికీ నమస్కారం. మజ్డా రెండో తరం ఆర్‌ఎక్స్-7 (ఎఫ్‌సీ) కారులోని 13బీ టర్బో ఇంజిన్ విప్పి బెంచ్ మీద పెట్టాను. పిస్టన్లకు బదులు రోటర్లు తిరిగే రోటరీ ఇంజిన్ ఇది. కంప్రెషన్ పడిపోయింది కాబట్టి ఎలాగూ విప్పాల్సిందే. దాంతోపాటు ఇంకో గొడవ ఉంది. బాగా వేడెక్కాక స్లోలో (ఎక్సలరేటర్ తొక్కకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు) ఆయిల్ ప్రెషర్ అట్టడుగుకు వచ్చేస్తుంది, ఎక్సలరేటర్ తొక్కితే లేస్తుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర కూడా 60 పీఎస్‌ఐ దాటదు. ఇంజిన్ పని తెలిసిన మిత్రుడు "వెనక రెగ్యులేటర్ (ఆయిల్ ప్రెషర్ హద్దు పెట్టే వాల్వ్) నొక్కేసి 100 పైన పెట్టు, ఇంకేం ఆలోచించకు" అంటున్నాడు. ఇంకొకాయన "కంపెనీ పెట్టింది ముట్టుకోకు" అంటాడు. ఇంజిన్ ఎటూ ముక్కలుగానే ఉంది, చేస్తే ఇప్పుడే చేయాలి. కారు ఎక్కువగా రోడ్డు మీదే, అప్పుడప్పుడు ట్రాక్. ఏం చేయమంటారు?

ట్రాక్‌పిచ్చి
పెంచేయండి బ్రదర్. ఇందులో చర్చేముంది? రోటరీలో ఆయిల్ బేరింగులకే కాదు, రోటర్లను లోపలి నుంచి చల్లబరచడానికి కూడా. ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌లో (రోటర్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) ఉన్న జెట్లు రోటర్ పొట్టలోకి ఆయిల్ చిమ్ముతాయి. దానికి ప్రెషర్ కావాలి. స్టాక్ (కంపెనీ వేసిన) వెనక రెగ్యులేటర్ 71 పీఎస్‌ఐ దగ్గర తెరుచుకుంటుంది. రేసు ఇంజిన్లలో వాడే రెగ్యులేటర్లు 100 పైమాటే. అంతెందుకు, 2009లో ఆర్‌ఎక్స్-8ని సవరించినప్పుడు మజ్డానే ఆయిల్ ప్రెషర్ పెంచింది. ముట్టుకోకు అన్నాయనకి ఆ సంగతి చెప్పండి.

పాతస్పానర్
తమ్ముడూ, ఆయన అడిగింది ఇంకోసారి చదువు. వేడి మీద స్లోలో ప్రెషర్ పడిపోతోంది అన్నారు. రెగ్యులేటర్ అనేది ప్రెషర్ హద్దు దాటినప్పుడు మిగులు ఆయిల్‌ని సంప్‌లోకి, అంటే ఇంజిన్ కింది ఆయిల్ తొట్టిలోకి వదిలే వాల్వ్. స్లోలో అది మూసే ఉంటుంది. మూసి ఉన్న తలుపుకు ఇంకో గడియ వేస్తే ఇంట్లో కొత్తగా ఏమీ మిగలదు. స్ప్రింగ్ వెనక వాషర్ వేస్తే పెరిగేది పై హద్దు మాత్రమే. చెత్త అడ్డుపడి ఆ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుపోతే వేరే కథ, అప్పుడు కూడా చేయాల్సింది మార్చడమో శుభ్రం చేయడమో.

ఇంకో మాట. 3000 దగ్గర 60 కూడా దాటట్లేదంటే ఆ ఇంజిన్ 71 హద్దునే చేరుకోవట్లేదు. చేరుకోని హద్దును పెంచితే ఏం లాభం? ఆయిల్ ఎక్కడో పోతోంది. ముందు అది వెతకాలి.

నేనైతే మొదట చూసేది ఫ్రంట్ కవర్ ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి సీల్). పంపు నుంచి వచ్చే ఆయిల్ దారిలో, ముందు హౌసింగ్‌కూ కవర్‌కూ మధ్య చిన్న ఓ-రింగ్ ఒకటి ఉంటుంది. ఎఫ్‌సీ ఇంజిన్లకు ఇది పాత జబ్బే. అది అణిగిపోయినా, ప్రెషర్‌కి పక్కకు తన్నుకుపోయినా ఆయిల్ కవర్ లోపలే కారి నేరుగా సంప్‌లోకి పోతుంది. బయట ఒక్క చుక్క కనిపించదు. చల్లగా, చిక్కగా ఉన్నప్పుడు కారేది తక్కువ, వేడెక్కి పలచబడగానే గేజ్ పడిపోతుంది. మీరు చెప్పే లక్షణం అచ్చంగా ఇదే. కొత్తది వేసేటప్పుడు దాని వెనక టెఫ్లాన్ సపోర్ట్ రింగ్ కూడా వేయండి.

రెండోది, షాఫ్ట్ ముందు కొసలో ఉండే థర్మల్ పెల్లెట్. మైనంతో పనిచేసే చిన్న వాల్వ్. చల్లగా ఉన్నప్పుడు తెరుచుకుని షాఫ్ట్‌లోంచి కొంత ఆయిల్ వదిలేస్తుంది, దాంతో జెట్లు తెరుచుకోవు, రోటర్లు తొందరగా వేడెక్కుతాయి. వేడెక్కాక అది మూసుకోవాలి. పాతబడితే మూసుకోదు. దాన్ని తీసేసి గట్టి స్పేసర్ పెట్టడం రీబిల్డ్‌లో అందరూ చేసే పనే, పది నిమిషాలు పట్టదు.

ఇక బేరింగులు. మెయిన్ బేరింగ్ అయినా రోటర్ బేరింగ్ అయినా క్లియరెన్స్ (షాఫ్ట్‌కీ బేరింగ్‌కీ మధ్య సందు) 0.04 నుంచి 0.08 మి.మీ. మధ్య ఉండాలి, 0.10 దాటితే మార్చాల్సిందే. కొలిచారా?

గేజ్‌నమ్మను
కొలతల కంటే ముందు ఇంకో ప్రశ్న: ఆ 60 అని చెప్పింది ఎవరు, డాష్‌బోర్డులో ఉన్న గేజేనా? పాత సెండర్లు (గేజ్‌కి ప్రెషర్ చెప్పే సెన్సర్లు) నోటికొచ్చింది చెబుతాయి. ఆర్‌ఎక్స్-8 గేజ్ అయితే ఇంకా విచిత్రం, దాని వెనక ఉన్నది ఒట్టి స్విచ్చే, ప్రెషర్ ఉంది/లేదు అని తప్ప దానికేం తెలియదు, ముల్లు మాత్రం మధ్యలో ఠీవిగా నిలబడుతుంది. మెకానికల్ గేజ్ పెట్టి చూడకుండా ఈ గొడవంతా గాల్లో మేడలే.

కొత్తరోటర్
మెకానికల్ గేజ్‌తోనే చూశానండీ, ఫిల్టర్ దగ్గర బిగించి. బేరింగులు రేపు కొలుస్తాను.

లెక్కలమాస్టారు
ట్రాక్‌పిచ్చి గారి వాదనలో పస లేకపోలేదు, అయితే ఎంత పస అన్నది లెక్క వేస్తే తెలుస్తుంది.

రోటరీ షాఫ్ట్‌లోకి ఆయిల్ మెయిన్ జర్నల్ (మెయిన్ బేరింగ్‌లో తిరిగే షాఫ్ట్ భాగం) అంచు నుంచి మధ్యకు వెళ్లాలి. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు ఆ ఆయిల్‌ని బయటికి విసిరే బలం ఒకటి పనిచేస్తుంది, దాన్ని గెలిచి లోపలికి తోయాలి. 13బీ మెయిన్ జర్నల్ వ్యాసం సుమారు 43 మి.మీ. ఆయిల్ సాంద్రత లీటరుకు 850 గ్రాములు అనుకుంటే, 7000 ఆర్‌పీఎం దగ్గర ఆ బలాన్ని గెలవడానికి సుమారు 15 పీఎస్‌ఐ చాలు. 9000 దగ్గర 25. 12000 దగ్గర 45. వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి పైకి వెళ్లేకొద్దీ మండిపోతుంది.

అంటే 7000 దాటని రోడ్డు ఇంజిన్‌కి 71లో 15 పోయినా ఇంకా 56 మిగిలే ఉంది. 9000 పైన తిప్పే రేసు ఇంజిన్‌కి ఎందుకు పెంచుతారో కూడా దీంతోనే అర్థమవుతుంది. ఇద్దరి అవసరం ఒకటి కాదు.

చల్లబరిచే సంగతి: జెట్ గుండా పోయే ఆయిల్ ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. 71 నుంచి 100కి పెంచితే ప్రవాహం పెరిగేది సుమారు 19 శాతం. ప్రెషర్ 40 శాతం పెంచి 19 శాతం ఆయిల్ కొనుక్కున్నట్టు. పంపు మీద పడే బరువూ, ఆయిల్‌కి ఎక్కే వేడీ అదనం.

ట్రాక్‌పిచ్చి
మాస్టారూ, లెక్క బాగుంది, కానీ మీ లెక్కలో ఆయిల్ శుభ్రంగా, బుడగ లేకుండా ఉంది. ట్రాక్ మీద అలా ఉండదు. మలుపుల్లో సంప్‌లో నురుగు కడుతుంది. షాఫ్ట్ మధ్యలోకి చేరిన ఆయిల్ మళ్లీ రోటర్ జర్నల్ వైపు బయటికి వెళ్లేటప్పుడు అదే బలం సాయం చేస్తుంది, ఒప్పుకుంటా. ఆ సాయం రావాలంటే మధ్య గొట్టం నిండుగా ఉండాలి. గాలి కలిస్తే ఆ ధార తెగుతుంది. చేతిలో 30 పీఎస్‌ఐ ఎక్కువ ఉంటే నాకు ధైర్యం. పైగా టర్బో. బూస్ట్ (టర్బో గాలిని తోసే ప్రెషర్) పెంచితే బేరింగ్ మీద పడే బరువు 71 పెట్టిన రోజున వాళ్లు అనుకున్నంతలో ఆగదు.

పాతస్పానర్
నురుగుకి మందు బాఫిల్ (సంప్‌లో ఆయిల్ అటూ ఇటూ పోకుండా ఆపే అడ్డు రేకు), ఆయిల్ మట్టం. పికప్ (సంప్‌లోంచి ఆయిల్ పీల్చే గొట్టం) గాలి పీలిస్తే పంపు గాలినే తోస్తుంది, అప్పుడు రెగ్యులేటర్ 71కి ఉన్నా 120కి ఉన్నా ముల్లు ఒకేలా పడుతుంది. మలుపులో పడే ప్రెషర్‌కీ స్ప్రింగ్‌కీ సంబంధమే లేదు. బూస్ట్ మాట మాత్రం ఒప్పుకుంటాను.

నట్టుబోల్టు
అందరూ వెనక వాల్వ్ గురించే మాట్లాడుతున్నారు. ముందు వైపు ఇంకోటి ఉంది, దాన్ని మర్చిపోతే ఇదంతా దండగ.

ఆయిల్ వెళ్లే దారి చూడండి: పంపు, అక్కడి నుంచి ఆయిల్ కూలర్, తిరిగొచ్చి ఫిల్టర్, ఆ తర్వాత బేరింగులు. ముందు రిలీఫ్ వాల్వ్ కూలర్‌కి ముందే ఉంటుంది. కూలర్, పైపులు, ఫిల్టర్ దాటేసరికి కొంత ప్రెషర్ తగ్గుతుంది కాబట్టి ముందు వైపు ఎప్పుడూ వెనకకంటే ఎక్కువే ఉంటుంది. వెనకది 100కి పెట్టి ముందుదాన్ని పాతగానే వదిలేస్తే ఏమవుతుంది? వెనకది తెరుచుకోకముందే ముందుది తెరుచుకుని ఆయిల్‌ని కూలర్ దాకా వెళ్లనివ్వకుండానే సంప్‌లోకి పారబోస్తుంది. గేజ్ కొంచెం పెరుగుతుంది, కూలర్‌లో తిరిగే ఆయిల్ తగ్గుతుంది. పెంచితే రెండూ పెంచాలి, ముందుది ఎప్పుడూ బాగా పైన ఉండాలి. సన్నటి పైపులు, నాసిరకం ఫిట్టింగులు కూడా ఇదే నష్టం చేస్తాయి.

కొందరు ముందు వాల్వ్‌ని పూర్తిగా మూసి పడేస్తారు. చలి పొద్దున 20డబ్ల్యూ-50 పోసిన ఇంజిన్‌ని స్టార్ట్ చేసి ఒక్కసారి గట్టిగా తొక్కితే ఆ చిక్కటి ఆయిల్ ఎక్కడికి పోవాలి? కూలరో, పైపో, ఫిల్టరో ఏదో ఒకటి పగలాల్సిందే. దయచేసి ఆ పని చేయొద్దు.

ఇంకా ఒకటి. సుత్తితో వెనక మూత లోపలికి కొట్టి "అయిపోయింది" అనేవాళ్లని నమ్మకండి. ఎంత లోపలికి కొడితే ఎంత పెరిగిందో ఎవడికి తెలుసు? చేతి పంపు, గేజ్ పెట్టి బెంచ్ మీద ఎంత దగ్గర తెరుచుకుంటోందో చూసి అప్పుడు బిగించాలి. లేదంటే ముందే సెట్ చేసి అమ్మే రెగ్యులేటర్ కొనండి.

కొత్తరోటర్
కొలిచాను. మెయిన్ బేరింగులు రెండూ 0.06. రోటర్ బేరింగ్ ఒకటి 0.07, రెండోది 0.11. పంపు ఎండ్ ఫ్లోట్ (లోపలి భాగాల పక్క సందు) హద్దు లోపలే ఉంది. ఫ్రంట్ కవర్ ఓ-రింగ్ బల్లపరుపుగా అణిగిపోయి ఒక పక్క తెగి ఉంది. పెల్లెట్‌ని వేడి నీళ్లలో వేసి చూస్తే కదలిక లేదు.

పాతస్పానర్
ఇంకేం, దొంగలు ముగ్గురూ దొరికారు. 0.11 బేరింగ్ మార్చండి, ఆ జర్నల్ మీద గీతలున్నాయేమో చూడండి. ఓ-రింగ్, స్పేసర్ సరేసరి. రెగ్యులేటర్లు స్టాక్‌గానే బిగించి నడపండి. ఆ తర్వాత కూడా తక్కువనిపిస్తే అప్పుడు చూద్దాం.

నట్టుబోల్టు
ఇక్కడే నేను మీతో ఏకీభవించను అన్నా. "అప్పుడు చూద్దాం" అనడం తేలిక. ఇంజిన్ కారులోకి ఎక్కాక సంప్ దించడం చిన్న పనా? మౌంట్లు, సబ్‌ఫ్రేమ్, పైగా ఆ సీలెంట్ గీకడం. ఇప్పుడు రెండు వాల్వులూ చేతికందే చోట ఉన్నాయి. అప్పుడప్పుడు ట్రాక్‌కి వెళ్తాను అంటున్నారు కూడా. వెనక 85 నుంచి 90 మధ్య, ముందుది దానికి తగ్గట్టు. 110 జోలికి వెళ్లక్కర్లేదు.

ట్రాక్‌పిచ్చి
ఇది నేను ఒప్పుకుంటా. అలాగే ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌లో బాల్ జెట్లు తీసి ఫిక్స్‌డ్ జెట్లు కూడా వేసేయండి.

లెక్కలమాస్టారు
అది మాత్రం ఈ కారుకి వద్దు. బాల్ జెట్ తక్కువ ప్రెషర్‌లో మూసుకుంటుంది, అందుకే స్లోలో ప్రెషర్ నిలుస్తుంది. ఫిక్స్‌డ్ జెట్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆయన మొదటి ఫిర్యాదే స్లోలో ప్రెషర్ లేదని. ఒక చేత్తో మూసి ఇంకో చేత్తో తెరవడం ఎందుకు? పాత బాల్, స్ప్రింగ్ కదులుతున్నాయో లేదో చూసి శుభ్రం చేసి పెట్టడం మేలు.

పాతస్పానర్
90 వరకైతే నాకూ అభ్యంతరం లేదు, బెంచ్ మీద పరీక్షించాకే. కానీ వేడి మీద స్లోలో ప్రెషర్ బాగుపడితే ఆ ఘనత రెగ్యులేటర్‌కి ఇవ్వొద్దు. రేపు ఇంకొకరు వచ్చి "నొక్కితే సరిపోయింది" అని రాస్తారు.

కొత్తరోటర్
సరే. ఓ-రింగ్, సపోర్ట్ రింగ్, స్పేసర్, రోటర్ బేరింగులు రెండూ కొత్తవి. బాల్ జెట్లు అలాగే ఉంచుతున్నా. వెనక రెగ్యులేటర్ సెట్ చేసి అమ్మేది కొంటాను, సుత్తి పని చేయను. ముందు వాల్వ్‌కి షిమ్ (సన్నటి వాషర్) వేసి చేతి పంపుతో చూస్తాను. ఆయిల్ ఏది పోయమంటారు?

నట్టుబోల్టు
బ్రేక్-ఇన్‌కి (కొత్త భాగాలు ఒదిగేదాకా నడిపే మొదటి దశకి) ఏదైనా మంచి మినరల్ 20డబ్ల్యూ-50. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఫిల్టర్ నింపి బిగించండి, ఇంధనం, ఇగ్నిషన్ రెండూ ఆపి గేజ్ ముల్లు లేచేదాకా ఆపి ఆపి క్రాంక్ చేయండి. స్టార్టర్‌కి మధ్యలో కాస్త ఊపిరి ఇవ్వండి. ముల్లు కదలకపోతే స్టార్ట్ చేయొద్దు, పికప్ గ్యాస్కెట్ చూడండి.