గ్యాస్ పట్టించి పట్టించి విసుగొచ్చింది, ఫ్రిజ్ మార్చమని అడిగే హక్కు ఉందా లేదా?

గోదారిగట్టు (రాజమండ్రి)
అందరికీ నమస్తే అండి. డబుల్ డోర్ ఫ్రిజ్, ఇంకా ఏడాది నిండలేదు, కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. పైన ఐస్ కట్టదు, కింద పాలు విరిగిపోతాయి. కంప్లైంట్ పెడితే ఓ కుర్రాడొస్తాడు, గ్యాస్ అయిపోయిందండీ అని గ్యాస్ పట్టేసి వెళ్తాడు, కొన్నాళ్ళు బానే ఉంటది, మళ్ళీ మామూలే. ఇదే తంతు నడుస్తా ఉంది. కస్టమర్ కేర్‌కి చేస్తే "వారంటీలో రిపేర్ ఫ్రీ సార్, రీప్లేస్‌మెంట్ మా పాలసీలో లేదు" అని ఒకటే పాట, షాపాయనేమో మేం అమ్మేవరకేనండి తర్వాత కంపెనీ చూసుకోవాలి అంటాడు. మా బావమరిది కన్స్యూమర్ కోర్టులో వేసేయ్ బావా అంటున్నాడు, మా ఆవిడ ఆ తిరుగుళ్ళకయ్యే డబ్బుతో ఇంకో ఫ్రిజ్ వస్తదిలే అంటంది. నేనడిగేది ఒకటే, ఎన్నిసార్లు బాగుచేసినా బాగవని వస్తువుకి డబ్బు వెనక్కి అడగడం మన హక్కా, లేక వాళ్ళు దయతలిస్తే ఇచ్చేదా?

డీలర్_గుంటూరు
నేను అమ్మేవాణ్ణే కాబట్టి తిట్టుకున్నా పర్లేదు, ఉన్నమాట చెప్తా. వారంటీ కార్డు వెనక చదివారా, చెడిపోయిన పార్టు బాగుచేస్తాం లేదా మారుస్తాం అనే ఉంటది, మొత్తం ఫ్రిజ్ మారుస్తామని ఎక్కడా ఉండదు. సుప్రీంకోర్టు కూడా 2006లో మారుతి కారు కేసులో ఇదే చెప్పింది, క్లచ్ ప్రాబ్లమ్‌కి మొత్తం కారు మార్చమనడం కుదరదు, వారంటీలో రాసి ఉన్నంతవరకే బాధ్యత అని. ప్రతోడూ రీప్లేస్‌మెంట్ అంటే షాపులు మూసుకోవాల్సిందే, మాకొచ్చే మార్జిన్ ఎంతో మీకు తెలీదు.

లెక్కల_మాస్టారు
గుంటూరాయన చెప్పినదాంట్లో న్యాయం లేదు గానీ నిజం ఉంది. కన్స్యూమర్ కమిషన్‌కెళ్తే (కన్స్యూమర్ కోర్టు అనేది దాన్నే) మూడు నెలల్లో తేలాలని చట్టంలో ఉంది, ల్యాబ్ టెస్ట్ అవసరమైతే ఐదు నెలలు. కాయితం మీద బాగుంది. మా కొలీగ్ వాషింగ్ మెషీన్ కేసు వేస్తే వాయిదా మీద వాయిదా, ఆఖరికి ఆయనే విసిగి ఆ మెషీన్ పాత సామానుకి అమ్మేసుకున్నాడు. ముప్పై వేల వస్తువు కోసం సెలవులు పెట్టుకుని తిరగడం నా లెక్కలో నష్టమే.

నల్లకోటు_కరీంనగర్
సార్లిద్దరికి నమస్తే. గ కారు కేసు సంగతి సగమే చెప్పిన్రు. అక్కడ గొడవ ఒక పార్టుది, మారిస్తే అయిపోయే ముచ్చట. ఇక్కడ ప్రతిసారి గ్యాస్ పడ్తున్రు, లీకు ఎక్కడుందో ఒక్కనాడన్న పట్టుకున్నరా? బాగుచేసినట్టు రాసుకున్రు, బాగు మాత్రం కాలే. 2019 కన్స్యూమర్ చట్టం 39వ సెక్షన్‌ల కమిషన్‌కు ఏమేం పవర్స్ ఉన్నయో చూడున్రి, లోపం తీసెయ్యమని చెప్పొచ్చు, అసొంటిదే లోపంలేని కొత్తది ఇయ్యమని చెప్పొచ్చు, పైసలు వడ్డీతోని వాపస్ ఇప్పియ్యొచ్చు, పరిహారం వేరే. వారంటీ కార్డు మీద కంపెనీ ఏం రాసుకున్నా గది కమిషన్ చేతులు కట్టెయ్యదు. అట్లని అడగంగనే ఇస్తరని కాదు, లోపం ఉందని మనమే చూపియ్యాలె, గదే అసలు కష్టం.
ఇగ ఖర్చు అంటున్రు కదా మాస్టారు, 5 లక్షల లోపు వస్తువుకు ఫీజే లేదు. కొన్నది ఏడైనా మనం ఉండే జిల్లాలనే వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌ల ఈ-జాగృతి పోర్టల్ ఉంది, వకీలు తప్పనిసరి కాదు. (మాకు నచ్చని రూలే గానీ రూలు రూలే.)

పాత_మెకానిక్
చట్టాలు నాకు తెలీవు, ఫ్రిజ్ తెలుసు. గోదారి అన్నా, ఒక్క మాట గుర్తుపెట్టుకో, ఫ్రిజ్‌లో గ్యాస్ బండిలో పెట్రోలు లాగా వాడితే అయిపోయేది కాదు. సీల్డ్ సిస్టమ్ అది, ఇప్పటి ఫ్రిజ్‌లలో వాడే ఆర్-600ఏ గ్యాస్ అయితే పట్టేదే 50, 60 గ్రాములు, అదే గ్యాస్ ఏళ్ళ తరబడి తిరుగుతా ఉంటది. అయిపోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, లీకు పట్టుకోకుండా గ్యాస్ పట్టడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే.
ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు పక్కల మీద చెయ్యి పెట్టి చూడు, వేడిగా ఉంటది కదా, వేడిని బయటికొదిలే కండెన్సర్ పైపు ఆ రేకు లోపల ఫోమ్‌లో ఉంటది. తలుపు చుట్టూ చెమట పట్టకుండా ఒక పైపు తిప్పుతారు, అది కూడా లోపలే. లీకు అక్కడుంటే ఫోమ్ చీల్చకుండా వెల్డింగ్ చేయలేరు, ఆ లైను కట్ చేసి వెనక బయట కండెన్సర్ బిగిస్తారు. నడుస్తది, కాదనను, కానీ నువ్వు కొన్న ఫ్రిజ్ అది కాదు ఇంక. ఈసారి కుర్రాడొస్తే నైట్రోజన్ ప్రెషర్ పెట్టి లీక్ టెస్ట్ చేసి, లీకు ఎక్కడో జాబ్ షీట్‌లో రాయమను. అప్పుడు తెలుస్తది సంగతి.

లీడ్స్_నుంచి
ఇంగ్లాండ్‌లో ఉంటున్నా కాబట్టి ఒక విషయం. ఇక్కడ 2015 చట్టం ప్రకారం 30 రోజుల్లో లోపం బయటపడితే నేరుగా వెనక్కిచ్చి డబ్బు తీసుకోవచ్చు. తర్వాతైతే రిపేర్‌కి ఒక్క ఛాన్స్ ఇస్తాం, అదీ ఫెయిలైతే డబ్బు వెనక్కి అడగొచ్చు. మొదటి ఆరు నెలల్లో లోపం మొదట్నుంచే ఉందని అనుకుంటారు, కాదని నిరూపించాల్సింది షాపోడు. అదీ అడగాల్సింది కంపెనీని కాదు, అమ్మిన షాపునే. మన దగ్గర ఎన్ని రిపేర్ల తర్వాత మార్చాలో ఒక నంబర్ లేకపోవడమే అసలు జబ్బు అనిపిస్తుంది నాకు.

డీలర్_గుంటూరు
ఆ దేశంలో షాపోడికి డిస్ట్రిబ్యూటర్ నుంచి వెనక్కొచ్చే దారి ఉంటదేమో బాబూ, ఇక్కడ మేం వెనక్కి తీసుకున్న ఫ్రిజ్ మా గోడౌన్‌లోనే ఉంటది, కంపెనీ క్రెడిట్ నోట్ ఇచ్చేసరికి దేవుడు కనిపిస్తాడు. నంబర్ పెట్టమనండి, నాకేం ఇబ్బంది లేదు, కానీ ఆ నంబర్ కంపెనీ మీద పెట్టమనండి. కేసులో మాత్రం మమ్మల్ని ఒకటో పార్టీగా వేస్తారు.

నల్లకోటు_కరీంనగర్
అన్నా, బిల్లు నీ షాపుది కాబట్టి వేస్తరు. కంపెనీ తప్పని తేలితే కట్టేది కంపెనీయే. గోదారి సార్, మీకొక ముఖ్యమైన ముచ్చట. టెక్నీషియన్ పోయేటప్పుడు మీ ఫోనుకు ఓటీపీ వస్తది, సార్ అది చెప్పున్రి అని అడుగుతడు, మనం తొందరల చెప్తం. గది చెప్పంగనే వాళ్ళ సిస్టమ్‌ల "కస్టమర్ సాటిస్‌ఫైడ్, కూలింగ్ ఓకే" అని కంప్లైంట్ క్లోజ్ అవుతది, రేపు కమిషన్‌ల కంపెనీ వకీలు గదే ప్రింట్ తీసి పెడ్తడు. గ్యాస్ పట్టినంక ఒక దినం చూసి, ఐస్ కట్టినంకనే చెప్పున్రి. జాబ్ షీట్ ఇయ్యకుంటే మీరే కంపెనీకి మెయిల్ పెట్టున్రి, ఫలానా తారీఖున మీ మనిషి వచ్చి గ్యాస్ పట్టిండు, లీకు సంగతి ఏం చెప్పలేదు అని. నోటి మాటకు సాక్ష్యం ఉండదు.

గోదారిగట్టు
అయ్యో, ప్రతిసారీ ఓటీపీ చెప్పేశానండి, పాపం ఎండలో వచ్చాడు కుర్రాడు అని. అయినా ఈ గొడవకి వాడేం చేస్తాడు, గంటకిన్ని కాల్స్ క్లోజ్ చేయాలని పైనుంచి వాడి పీక మీద కత్తి. మరి ఏడాది దాటిపోతే నా కేసు పోయినట్టేనా? వారంటీ అయిపోవస్తంది.

నల్లకోటు_కరీంనగర్
పోదు. కంప్లైంట్లన్ని వారంటీల ఉన్నప్పుడే పెట్టిన్రు కదా, రికార్డు ఉంది. కేసుకు టైం, కారణం పుట్టిన కాడినుంచి రెండేండ్లు. కాని అప్పటిదాక కూసోవద్దు. ముందు 1915కు ఫోన్ కొట్టున్రి, నేషనల్ హెల్ప్‌లైన్. ఆర్డర్ ఇచ్చే పవర్ దానికి లేదు, కంపెనీని అడుగుతది అంతే, ఐనా చానా కంపెనీలు అక్కడికి పోయినంకనే మెత్తబడ్తయి.

గోదారిగట్టు
అప్‌డేట్ అండి. 1915కి చేశాను, మెకానిక్ గారు చెప్పినట్టు ప్రెషర్ టెస్ట్ కూడా పట్టుబట్టి చేయించాను. "బాడీ లీకేజ్" అని, అంటే లీకు ఆ ఫోమ్ లోపలేనని, రాసి సంతకం పెట్టాడు కుర్రాడు. తర్వాత ఏరియా మేనేజర్ అని ఒకాయన ఫోన్, వాడుకున్నన్నాళ్ళకి తరుగు కింద కొంత కట్ చేసి వేరే మోడల్ ఇస్తాం అంటున్నాడు, తేడా నేను కట్టుకోవాలంట. ఏం చేయమంటారు?

లెక్కల_మాస్టారు
తీసేసుకోండి, ఆలోచించకండి. కేసుకి పోయి గెలిచినా మీకు మిగిలేది ఇంతకన్నా పెద్దగా ఉండదు.

పాత_మెకానిక్
సరిగా పనే చేయని వస్తువుకి వాడుకున్నందుకు తరుగేంటన్నా? పాడైన పాలకి వాళ్ళు కట్టాలి ఆ లెక్కన.

డీలర్_గుంటూరు
నేనైతే తీసుకోమనే అంటా. కానీ తేడా కట్టొద్దు, అదే రేటు మోడల్ అడగండి, లోపల వాళ్ళకి ఆ వీలు ఉంటది, మొదట్లో చెప్పరు.

నల్లకోటు_కరీంనగర్
ఈ ఒక్క ముచ్చటల గుంటూరు అన్నతోని నేను కలుస్త. ఫోన్ల ఒప్పుకోకున్రి, మెయిల్‌ల రాసియ్యమనున్రి, కొత్తదానికి వారంటీ ఏ తారీఖు నుంచి మొదలైతదో కూడా గండ్లనే రాయమనున్రి, లేకుంటే పాత బిల్లు తారీఖే లెక్కేస్తరు. పాతది తీస్కపోయే ముందు వెనక ఉన్న సీరియల్ నంబర్ స్టిక్కర్, ఆ బాడీ లీకేజ్ కాయితం ఫోటోలు తీసి పెట్టుకోండ్రి.