ఈ వారం సమస్య: సన్న్యసించినవానికే సంతు కలిగె

నిర్వాహకుడు: తేటగీతి పాదం. పూరణ జడవాయువుల మీదే, అంటే హీలియం, ఆర్గాన్, జీనాన్ లాంటి, సులువుగా దేనితోనూ కలవని వాయువుల మీదే ఉండాలి. కపటయతి వేషంలో ద్వారక చేరిన అర్జునుణ్ణీ, సుభద్రనూ, అభిమన్యుణ్ణీ పట్టుకొస్తారని తెలుసు. ఈసారికి వాళ్లను వదిలేయండి.

గోదావరి గట్టు:

అష్టకము నిండి యెవ్వరి నంటకుండ
చెట్టు నీడను జీనాను చేరి యుండ
ఫ్లోరినను కన్నె చేపట్టె పోయె జడత
సన్న్యసించినవానికే సంతు కలిగె

కెమిస్ట్రీ మాస్టారు: "అష్టకము" భలే పడింది. బయటి కక్ష్యలో ఎనిమిది ఎలక్ట్రాన్లూ నిండాయి, సన్న్యాసి నోట స్తోత్రమూ పలికింది. కానీ బాబూ, చెట్టు నీడన ఈ పెళ్లి జరగదు! పొడి గాజు బుడ్డిలో జీనాన్, ఫ్లోరిన్ కలిపి ఎండలో పెడితేనే జీనాన్ డైఫ్లోరైడ్ స్ఫటికాలు కడతాయి. ఫ్లోరిన్ అణువును విడగొట్టేది ఆ వెలుతురే. "చిన్ని నీరెండ జీనాను చేరి యుండ" అంటే గణాలూ చెడవు, చి-చే యతీ నిలుస్తుంది. మునికి ఎండలో తపస్సు కొత్తేమీ కాదు కూడా.

నిర్వాహకుడు: మూడో పాదంలో ద్రుతం మరిచారు. "చేపట్టెఁ బోయె జడత" అనాలి. ఫ్లో-బో యతికి ఇబ్బంది లేదు.

గోదావరి గట్టు: రెండు దిద్దుబాట్లూ శిరోధార్యం. నీడ ఇచ్చి ముని కష్టం తగ్గిద్దామనుకున్నాను, అంతే.

వాంకూవర్ వాసి: మా ఊళ్లో జరిగిన కథ కాబట్టి నా వంతు.

ప్రాణవాయువు మెడవంచె వాఁడె యనుచు
బార్టులెట్టంపె జీనాను పాలి కతని
పసుపు వన్నెల నొక బిడ్డ బయట పడఁగ
సన్న్యసించినవానికే సంతు కలిగె

"వాఁడు" అంటే ప్లాటినం హెక్సాఫ్లోరైడ్. అది ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్ లాగేసిందని రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ ముందే చూశాడు. ఆక్సిజన్‌కైనా జీనాన్‌కైనా ఒక ఎలక్ట్రాన్ ఊడబెరకడానికి అయ్యే ఖర్చు దాదాపు ఒకటే, మోలుకు సుమారు 1170 కిలోజౌళ్లు. అక్కడ లొంగదీసినవాడు ఇక్కడ మాత్రం ఎందుకు ఓడతాడు? 1962 మార్చి 23న బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆ హెక్సాఫ్లోరైడ్ ఎర్రటి ఆవిరినీ, రంగులేని జీనాన్‌నూ కలిపాడు. నారింజ-పసుపు రంగు ఘనపదార్థం పేరుకుంది.

కెమిస్ట్రీ మాస్టారు: నా లెక్కలో మొదటి స్థానం ఈ పద్యానిదే. ఊహకు మూలమైన పోలికే పద్యం ఎత్తుగడ అయింది. పెళ్లింట పసుపు ఎలాగూ ఉండాలి. ఒక్క సవరణ: "ఒక బిడ్డ" అన్నారు, ఆ పసుపు పదార్థం ఒకే సమ్మేళనం కాదు, మిశ్రమమని తరవాత తేలింది. కవలలనుకోండి.

ఇంటర్ కుర్రాడు: ఇది నా మొదటి పద్యం, తిట్టకండి.

హీలియము నోరు విప్పదే యెంత పిలువ
ఆర్గనన సోమరని పేరు వట్టి మంచు
లోన వెలుగంట హైడ్రొజన్ లొంగి వచ్చె
సన్న్యసించినవానికే సంతు కలిగె

నిర్వాహకుడు: మొదటి పాదంలో హీ-యె యతి ఎంత చక్కగా కుదిరిందో! రెండో దానిలో తప్పింది తమ్ముడూ, ఆ-కు వ పొసగదు. "ఆర్గనన సోమరని చెప్పి రైన మంచు" అని చూడు. "చెప్పిరి + ఐన" సంధిలో దాగిన ఐ, ఆ-తో చెల్లుతుంది.

కెమిస్ట్రీ మాస్టారు: గ్రీకులో ఆర్గాన్ అంటే సోమరే. హెల్సింకిలో 2000లో చేసిన పని ఈ పిల్లవాడికి తెలియడం ముచ్చటేసింది. అయితే ఆ "మంచు" నీళ్లది కాదు, గడ్డకట్టిన ఆర్గానే. అందులో హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ను బంధించి అతినీలలోహిత కాంతి సోకిస్తే, హైడ్రోజన్-ఆర్గాన్-ఫ్లోరిన్ ఒక్క అణువైంది. మైనస్ 250 డిగ్రీల దరిదాపుల్లోనే దాని కాపురం. కాస్త వెచ్చబడితే విడాకులే. పద్యంలో ఫ్లోరిన్ మాట లేకపోవడం మాత్రం లోటు.

గుంటూరు గోంగూర: హీలియం జోలికొస్తే నేనూరుకోను. హీలియం జాడ తొలిసారి కనిపించిన 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ చూసింది మా గుంటూరులోనే! 2017లో సోడియంతో సమ్మేళనం చేశారుగా, మరి నోరు విప్పలేదంటారేం?

కెమిస్ట్రీ మాస్టారు: పది లక్షల వాతావరణాలకు మించిన ఒత్తిడిలో ఒకే స్ఫటికంలో ఇరికించారు, నిజమే. అయినా మీ హీలియం ఎలక్ట్రాన్ ఇవ్వలేదు, పుచ్చుకోలేదు. రద్దీ బస్సులో పక్క సీటువాణ్ణి బంధువంటామా?

గోదావరి గట్టు: జీనాన్‌కు ఆక్సిజన్‌తోనూ సంతానం ఉందంటారు?

కెమిస్ట్రీ మాస్టారు: ఉంది, ట్రయాక్సైడ్. నీళ్లలో ఉన్నంతసేపు బుద్ధిమంతుడు. ఆరబెడితే పేలతాడు.

నిర్వాహకుడు: వచ్చే వారం పాదం: "నీటఁ గరఁగిన యుప్పుతో నిప్పు పుట్టె". గాంధీగారి దండి యాత్ర పనికిరాదు, ముందే చెబుతున్నా.