సిస్టమ్32లో డీఎల్ఎల్ వేశాక ఎర్రర్ పోలేదు, మారింది. ఎందుకు?

ప్రశ్న
విండోస్ 10, 64 బిట్. 64 బిట్ వీడియో ఎడిటర్ తెరిస్తే ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ (ప్రోగ్రామ్ వాడుకునే కోడ్ ఫైల్) కనబడలేదని వచ్చింది. నెట్‌లో ఏదో డీఎల్ఎల్ సైట్ నుంచి దించుకుని విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో వేశాను. ఇప్పుడు 0ఎక్స్‌సీ000007బీ అంటోంది. ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌లో (విండోస్ ఫైళ్ల తనిఖీ) తప్పేమీ తేలలేదు. ఫైల్ అక్కడే ఉందిగా, ఇంకేం కావాలి?

జవాబు 1
ఫైల్ దొరికిందండి, కానీ అది 32 బిట్‌ది అయ్యుంటుంది. 64 బిట్ ప్రోగ్రామ్‌లోకి 32 బిట్ డీఎల్ఎల్ ఎక్కదు, అందుకే ఆ కొత్త ఎర్రర్. పేర్లు చూసి చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: 64 బిట్ విండోస్‌లో సిస్టమ్32లో ఉండేవి 64 బిట్ ఫైళ్లు, 32 బిట్‌వి సిస్‌వావ్64లో ఉంటాయి. తిరకాసు పేర్లే!

ముందు మీరు వేసిన ఫైల్ తీసేయండి. అది ఉండగా ఇన్‌స్టాల్ చేస్తే, దాని వెర్షన్ సమానమో ఎక్కువో అయితే ఇన్‌స్టాలర్ దాన్ని ముట్టుకోకపోవచ్చు. తర్వాత మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే విజువల్ సీ++ 2015–2022 ప్యాకేజీ (మీకు కావాల్సిన ఫైల్ అందులోనే వస్తుంది) ఎక్స్64 (64 బిట్), ఎక్స్86 (32 బిట్) రెండూ వేయండి. ఇప్పటికే ఉంటే రిపేర్ కొట్టండి. 2015, 2017 నాటి పాత ప్యాకేజీతో సరిపెట్టుకోవద్దు, అందులో వీసీరన్‌టైమ్140_1 అనే ఫైల్ రాదు.

జవాబు 2
ఎస్‌ఎఫ్‌సీ సంగతి: అది విండోస్ సొంత ఫైళ్లనే చూస్తుంది. ఈ ఫైల్ దాని లెక్కలోకి రాదు, అందుకే అంతా బాగుందంది. నిజంగా సిస్టమ్ ఫైళ్లు పాడైతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ముందు డిస్మ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్, ఆ తర్వాతే ఎస్‌ఎఫ్‌సీ /స్కాన్‌నౌ. ఎస్‌ఎఫ్‌సీ మంచి కాపీలు తెచ్చుకునేది విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ నిల్వ నుంచి. ఆ నిల్వే చెడితే బాగుచేసేది డిస్మ్. బాగుచేసినా మళ్లీ మళ్లీ పాడవుతుంటే డిస్క్‌నీ ర్యామ్‌నీ పరీక్షించాలి.

ప్రశ్న అడిగినవారు
ఫైల్ తీసేసి రెండు ప్యాకేజీలూ వేశాను, ఎడిటర్ తెరుచుకుంది. కానీ ఒక ప్లగిన్ ఎర్రర్ 126 ఇస్తోంది. దాని డీఎల్ఎల్ ఫోల్డర్‌లోనే ఉందండి! రెగ్‌ఎస్‌వీఆర్32తో రిజిస్టర్ చేయాలా?

జవాబు 3
వద్దండి, అది కామ్ (విండోస్ రిజిస్ట్రీలో నమోదయ్యే రకం) డీఎల్ఎల్‌లకే పనికొస్తుంది. 126 అంటే ఆ ఫైలే లేదని కాదు. అది ఆధారపడే ఇంకో డీఎల్ఎల్ లేకపోయినా అదే నంబర్ వస్తుంది, పేరు మాత్రం చెప్పదు. ఏ ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు వెతుకుతోందో చూపే టూల్ ప్రాసెస్ మానిటర్‌లో ఎడిటర్ పేరుతో ఫిల్టర్ పెట్టి, ప్లగిన్ లోడ్ చేసి, 'నేమ్ నాట్ ఫౌండ్' వరుసలు చూడండి. అవి బోలెడు కనిపిస్తాయి, కంగారు పడొద్దు: ప్రోగ్రామ్ ఫోల్డర్, సిస్టమ్32, చివరికి పాత్ సెట్టింగ్‌లోని ఫోల్డర్లు ఇలా వరసగా వెతుకుతుంది కాబట్టి. ఎక్కడా దొరకని పేరు ఏదో అదే దోషి.

ఆ పేరు 140డీ.డీఎల్ఎల్‌తో ముగిస్తే తప్పు మీది కాదు, ప్లగిన్ చేసినవాళ్లు డీబగ్ బిల్డ్ (తమ పరీక్షల కోసం చేసుకునేది) పంపేశారు. మామూలు ప్యాకేజీలో అది రాదు, వాడేవాళ్లకు ఇచ్చే రిలీజ్ బిల్డ్ అడగండి. ప్లగిన్‌తో రావాల్సిన ఫైలే మాయమైతే యాంటీవైరస్ క్వారంటైన్‌లో చూడండి.