ఆజంజాహి మిల్లు పాత కాగితాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

మా తాత వరంగల్ ఆజంజాహి మిల్లులో మరమగ్గాల మీద పనిచేశారు. ఆయన గుర్తుగా మాకు మిగిలింది నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ల ఒక్కటే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1934లో ఈ మిల్లు పెట్టించి, పెద్ద కొడుకు ఆజం జా పేరు పెట్టారు. చుట్టూ పత్తి నేలలు, పక్కనే కాజీపేట రైల్వే కూడలి. నిజాంల వంశమైన అసఫ్‌జాహీల పేరు అందరికీ తెలుసు, మగ్గం నడిపినవారి పేర్లే నాకు కావాలి.

మీ ఇళ్లలో జీతం చీటీలు, హాజరు పట్టీలు, కార్మికుల ఫొటోలు ఉంటే దయచేసి చెప్పండి. తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారంలో మిల్లు దస్త్రాలు చూసినవారు ఉన్నారా? నాకు ఉర్దూ రాదు. చదివి చెప్పగలవారుంటే నేనే హైదరాబాద్ వస్తాను.