మట్టి కుండల ఫౌంటెన్: నీళ్లు కుండలో తప్ప అన్నిచోట్లా పడుతున్నాయి

సముద్రం వైపు బాల్కనీ

అందరికీ నమస్కారం. మాది విశాఖ లాసన్స్ బే కాలనీలో మూడో అంతస్తు. సాయంత్రం బాల్కనీలో కూర్చుంటే గాలి బాగుంటుంది గానీ, కింద రోడ్డు మీద హారన్ల మోత. ఆ మోత వినపడకుండా కొంచెం నీళ్ల చప్పుడు ఉంటే బాగుండునని ఎప్పటినుంచో కోరిక. సింహాచలం గంగధార దగ్గర వినిపించే దాంట్లో పదో వంతు వచ్చినా చాలు.

షాపులో రెడీమేడ్‌ది చూశాను. బుద్ధుడి తల, పక్కన చిన్న లైటు, నాలుగు వేల పైమాటే. రాయిలాగే ఉంది గానీ గోరు తగిలితే రంగు ఊడింది. ఇక ఇంట్లో ఉన్నవాటితోనే మొదలుపెట్టాను. కింద మా పాప చిన్నప్పుడు స్నానం చేయించిన వెడల్పాటి టబ్బు. అందులో ఇటుకలు పేర్చి మూడు మట్టి కుండలు, మెట్లు మెట్లుగా. మూలపడ్డ కూలర్‌లోంచి పంపు తీశాను, దాని మీద 18 వాట్లు, నీళ్లు ఎక్కే ఎత్తు 1.85 మీటర్లు అని ఉంది. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు ముక్కతో నీళ్లు పై కుండలోకి ఎక్కుతున్నాయి. అంతవరకూ బాగానే ఉంది.

కానీ పై కుండ నిండాక నీళ్లు కింది కుండలో పడటం లేదు. కుండ పొట్టనే పట్టుకుని జారి, ఇటుకల వెనక్కి పోతున్నాయి. చప్పుడు లేదు, చూడ్డానికీ ఏమీ లేదు. పంపు ఫుల్లుగా పెడితే ధార వస్తోంది గానీ, మధ్యాహ్నం సముద్రపు గాలికి తుంపరంతా రెండో అంతస్తు పిన్నిగారి వడియాల మీదకి. ఆవిడ మంచావిడ కాబట్టి ఇంకా మాట్లాడుతున్నారు. పైగా కుండల బయట తెల్లగా ఉప్పు పూసినట్టు వస్తోంది. ఏం చేయమంటారు?

మధురవాడ మొక్కలు

ఫౌంటెన్ బాగుపడేలోపు టబ్బులో నీళ్లు నిలవ ఉంచకండి. డెంగీ దోమ మురుగులో కాదు, ఇలాంటి శుభ్రమైన నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి ఎండాకాలంలో వారం పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే పాటించమని ఇంటింటికీ చెప్పేది ఇందుకే. వారానికోసారి నీళ్లు పారబోసి, టబ్బు గోడలు పీచుతో రుద్దండి. గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి, నీళ్లు మారిస్తే సరిపోదు.

ఇంతకీ ఈశాన్యంలోనే పెట్టారా?

పాత పంపు ఫిట్టరు

అమ్మా, పంపుని ఏమీ అనకండి. గొడవంతా కుండ మూతి దగ్గర ఉంది.

కుండ మూతి వెలుపలికి వంపు తిరిగి ఉంటుంది. సన్నటి ధార ఆ వంపు మీదకి వచ్చాక దూకదు, దాన్నే అంటిపెట్టుకుని పొట్ట మీదుగా దిగిపోతుంది. టీ గిన్నెని మెల్లిగా వంచితే టీ గ్లాసులో పడకుండా గిన్నె అడుగుకి కారుతుంది చూశారా, అదే ఇది. గర్భగుడి బయట అభిషేకం నీళ్లు వచ్చే సోమసూత్రం గోడలోంచి అంత ముందుకి పొడుచుకొచ్చి ఉండేది కూడా నీళ్లు గోడ పట్టకుండా దూరంగా పడాలనే.

కాబట్టి పై కుండకి ఒక ముక్కు పెట్టండి. రెండు వేళ్ల వెడల్పు టైల్ ముక్క చాలు. పగిలిన అంచు బయటికి ఉండాలి, నున్నటి అంచు కాదు. పదునైన అంచు దగ్గరే నీళ్లు తెగి కిందికి దూకుతాయి. కుండ మూతి మీద ఎంసీల్‌తో అతికించండి, అంగుళంన్నర బయటికి రావాలి, ముందుకి కాస్త వాలుగా. కుండని ముందు బాగా ఎండబెట్టండి. తడి మట్టికి ఎంసీల్ పట్టదు, పట్టినట్టే ఉండి రేపు ఊడొస్తుంది. రేకు ముక్క మాత్రం వద్దు, మన ఉప్పుగాలికి వానాకాలం దాటదు. ఇత్తడి అయితే చిలుము పడుతుంది గానీ చెడదు.

ఇక చప్పుడు. నిండు కుండ తొణకదంటారు కదా, ఇక్కడ కూడా అంతే. మూతి దాకా నిండిన కుండలో ధార పడితే సన్నగా సొర్రుమంటుంది తప్ప లోతు ఉండదు. సగం ఖాళీగా ఉన్న కుండలో ఇరుకు మూతిలోంచి పడితే లోపలి గాలి కూడా మోగుతుంది, గుడగుడమని గంభీరంగా వస్తుంది. మీక్కావలసింది అదే అనుకుంటాను. అంటే మధ్య కుండ ఎప్పటికీ నిండకూడదు. దాని పొట్ట సగంలో కన్నం పెట్టి, బెత్తెడు పైపు ముక్క బిగించి, చుట్టూ సిలికాన్ పూయండి. నీళ్లు ఆ మట్టం దాటి ఎక్కవు, ఆ పైపే రెండో ముక్కు అవుతుంది.

కన్నం పెట్టేటప్పుడు కుండని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. గోడలకి వాడే బిట్టే వేయండి గానీ డ్రిల్లులో హామర్ ఆపేయాలి, లేదంటే పెంకులే మిగులుతాయి. సన్న బిట్‌తో మొదలుపెట్టి పెద్దదానికి వెళ్లండి. చేత్తో నొక్కొద్దు, డ్రిల్లు బరువు చాలు. సిలికాన్ పూసేముందు మళ్లీ ఎండబెట్టాలి, పూశాక ఒక రోజు నీళ్లు తగలనివ్వకండి.

పిన్నిగారి వడియాల విషయం. నీళ్లు పడే చోటు నుంచి టబ్బు అంచు ఎంత దూరమో, అంతకంటే ఎత్తు నుంచి పడనివ్వకండి. సముద్రం ఎదురుగా ఉన్న బాల్కనీలో అందులో సగమే నయం. మూడు కుండల మధ్య ఎత్తు పంచుకుంటుంది కాబట్టి ఇటుకలు కొన్ని తీసేయండి. ధార తగ్గించడానికి డ్రిప్ పైపులకి వాడే చిన్న ట్యాప్ ఒకటి లెవెల్ పైపుకి వేయండి. తిప్పేది పైకి వెళ్లే పైపు మీదే. పంపు నీళ్లు లాగే వైపు మూస్తే దానికి ఊపిరాడదు, వేడెక్కుతుంది. పంపు ఎప్పుడూ మునిగే ఉండాలి. గాలికి నీళ్లు ఆవిరైపోయి అది బయటపడితే వైండింగ్ కాలుతుంది, అందుకని టబ్బు లోపల మార్కర్‌తో గీత పెట్టుకోండి.

ఈశాన్యం గురించి నన్నడగకండి, పంపుకి దిక్కులు తెలీవు.

గాజువాక వైరింగ్

మాస్టారు చెప్పిందంతా సరే, పాప ఉన్న ఇంట్లో 230 వోల్టుల పాత కూలర్ పంపు నాకు నచ్చలేదు. కేబుల్‌ని ఒకసారి వంచి చూడండి, పై తొడుగు ఎక్కడైనా పగిలి ఉంటే అతుకులు వేయొద్దు, పారేయండి. 12 వోల్టుల డీసీ పంపు అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది, మీ ఎత్తుకి సరిపోతుంది. అడాప్టర్ ఇంట్లోపలే ఉండాలి. పాతదే వాడతానంటే ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్) ఉందో లేదో చూడండి, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడిపోవాలి. టబ్బులో చేయి పెట్టే ముందు ప్లగ్ పీకాలి, స్విచ్ ఆపితే చాలదు. వైరు ప్లగ్‌లోకి వెళ్లే ముందు కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, అప్పుడు దాని వెంట వచ్చే నీటిబొట్టు సాకెట్‌లోకి పోదు.

బిల్లు గురించి భయం వద్దు. 18 వాట్లు రోజుకి 10 గంటలు తిరిగినా నెలకి ఐదున్నర యూనిట్లు దాటదు.

మధురవాడ మొక్కలు

తెల్లపూత బోరు నీళ్ల వల్ల. మట్టి కుండ చెమర్చుతుంది కదా, నీళ్లు బయటికి వచ్చి ఆరిపోతాయి, అందులోని సున్నం కుండకే మిగిలిపోతుంది. మీ ఏసీ పైపు కింద బకెట్ పెట్టండి. మన ఉక్కపోతకి రోజూ బోలెడు వస్తాయి, వాటిలో సున్నం ఉండదు. తాగడానికి పనికిరావు గానీ ఫౌంటెన్‌కి బంగారం. ఉన్న పూత నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన నీళ్లతో రుద్దితే పోతుంది, కింద పాలరాయి గచ్చు ఉంటే మాత్రం దాని మీద పడనివ్వకండి.

అడుగున వేయడానికి బీచ్‌లో గవ్వలు ఏరకండి, అవీ సున్నమే. భీమిలి ఎర్రమట్టి దిబ్బల నుంచి మట్టీ ఇసుకా అసలు తేకండి, అది రక్షిత స్థలం.

సముద్రం వైపు బాల్కనీ

ముక్కు పనిచేసింది! మా బాత్రూమ్‌లో మిగిలిన టైల్ ముక్క. మధ్య కుండకి కన్నం కూడా పడింది, మా వారు డ్రిల్లు పట్టుకున్నంతసేపూ నేను కళ్లు మూసుకున్నాను. చప్పుడు నిజంగానే మారింది మాస్టారూ, హాల్లో టీవీ దగ్గరకి కూడా వినిపిస్తోంది. 12 వోల్టుల పంపు కూడా తెచ్చేశాను.

ఒక్క టెన్షన్ మిగిలింది. నిన్న కరెంటు పోగానే టబ్బు పొంగి బాల్కనీ అంతా నీళ్లు. పంపు ఆగితే పొంగడమేంటి?

పాత పంపు ఫిట్టరు

పైపు కొస పై కుండ నీళ్లలో మునిగి ఉంది కదూ? పంపు ఆగగానే అదే పైపు నీళ్లని వెనక్కి లాగేస్తుంది. ఎక్కిన దారినే కుండ మొత్తం దిగిపోతుంది. పైపు కొసని నీటి మట్టానికి రెండు వేళ్లు పైన కట్టండి. అలా కట్టడం కుదరకపోతే, మట్టానికి కాస్త పైన పైపుకి సూదితో చిన్న బెజ్జం పెట్టండి, గాలి దూరి ధార తెగిపోతుంది. ఆ బెజ్జం కుండ లోపలి వైపుకి తిప్పి పెట్టండి. బయటికి ఉంటే అది కూడా వడియాల మీదకే చిమ్ముతుంది.