ఫాంటసీ గేములో ఆనకట్టను మంత్రంతో కట్టవచ్చా? గోదావరి పాయల మీద ఒక ఆటలోకం

ప్రశ్న – లంకవాసి

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో ఒక లంక గ్రామం. మూడు నెలలుగా మా ఊరి మిత్రుల కోసం ఒక రోల్‌ప్లేయింగ్ ఆట తయారుచేస్తున్నాను. కంప్యూటర్ అక్కరలేదు, పాచికలు, ఒక పటం, కథ నడిపే మనిషి ఒకరు ఉంటే చాలు. 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ప్రాచుర్యంలోకి వచ్చిన పద్ధతే ఇది. నా లోకానికి ఏడు పాయల సీమ అని పేరు పెట్టాను గానీ, దాని పటం మాత్రం అచ్చంగా మన డెల్టాదే. ధవళేశ్వరం దిగువన నది చీలి తూర్పుకు గౌతమిగా, పడమరకు వసిష్ఠగా సాగుతుంది. వసిష్ఠలోంచి వైనతేయ విడిపోతుంది. యానాం, అంతర్వేది, ద్రాక్షారామం ఉన్నచోటనే ఉంటాయి.

కథాకాలంగా 1839 నవంబరులో కోరంగి రేవును ముంచేసిన ఉప్పెనకూ, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికీ మధ్య ఉన్న ఎనిమిదేళ్లను తీసుకున్నాను. ఒకవైపు కుంపిణీ పాలన, పక్కనే యానాంలో ఫ్రెంచివారి జెండా, 1833 కరువు చేసిన గాయం ఇంకా మానని పల్లెలు, కళ్లెదుటే సముద్రంలో కలిసిపోతున్న నీళ్లు ఉన్న ఆ కాలం ఆటకు చాలా అనువైనదని నాకు అనిపించింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, కథ ముగింపులో ఒక సిద్ధుడు ఒక్క రాత్రిలో మంత్రబలంతో ఆనకట్టను లేపి నిలబెట్టినట్టు రాశాను. లాకుల దగ్గర లస్కరుగా పనిచేసి రిటైరైన మా మావయ్య అరుగు మీద కూర్చుని ఆట చూస్తున్నారు. ఆయన అంతా విని, "మరి రాళ్లు మోసినవాళ్లు ఏమయ్యారురా?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్లిపోయారు. నాకు సమాధానం తోచలేదు. ఆ రాత్రి నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు. చరిత్రనూ భూగోళాన్నీ మంత్రంతో ఎక్కడ కలపాలి, ఎక్కడ కలపకూడదు? అసలు పేర్లు ఉంచడం మంచిదా, మార్చడం మంచిదా? అనుభవమున్నవారు చెప్పగలరు.

సమాధానం – పాతపటం

లంకవాసి గారూ, మీ మావయ్యగారు అడిగినది ఈ రకం ఆటలన్నిటినీ అడగవలసిన ప్రశ్న. 1847 నుంచి 1852 వరకు ఆ ఆనకట్ట మీద ఆర్థర్ కాటన్ ఆలోచన ఎంత ఉందో, ఆయన కింద పనిచేసిన వీణం వీరన్న వంటి మనవారి శ్రమా, పేరు మిగలని వేలమంది కూలీల చెమటా అంతే ఉన్నాయి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా అది లేచింది. మనుషులు చేసి చూపించిన పనిని మంత్రానికి అప్పగిస్తే, వాళ్ల కష్టాన్ని మనం తీసేసినట్టే అవుతుంది. మనుషులకు అంతుబట్టనిదాన్నీ, వాళ్లు భయపడినదాన్నీ, ఆశపడినదాన్నీ మంత్రానికి అప్పగిస్తే మాత్రం, ఆ కాలపు మనసులోకి మనం అడుగుపెడతాం.

ఈ పద్ధతిని నాకు తెలిసి అందరికన్నా నిజాయితీగా పాటించినది 1987లో వచ్చిన ఆర్స్ మాజికా అనే రోల్‌ప్లేయింగ్ ఆట. అందులోని లోకం మధ్యయుగపు ఐరోపాయే. ఊళ్లు, రాజులు, మఠాలు చరిత్రలో ఉన్నట్టే ఉంటాయి. మార్పల్లా ఒక్కటే: ఆనాటి ప్రజలు నిజమని నమ్మినదంతా అక్కడ నిజంగానే నిజం. అడవిలో యక్షిణులున్నారని పల్లె నమ్మితే ఉన్నారు, పుణ్యపురుషుడి అస్థికలకు మహిమ ఉందని నమ్మితే ఉంది. రచయిత తన ఇష్టం వచ్చినట్టు మాయను కల్పించడు, ఆ నేల మీద అప్పటికే ఉన్న నమ్మకాన్ని వెతికి తీసుకుంటాడు.

ఆ దృష్టితో మన డెల్టాను చూడండి. అంతర్వేది స్థలపురాణంలో రక్తవిలోచనుడికి దొరికిన వరం ఏమిటి? అతని నెత్తురు నేలమీద పడితే ఎన్ని ఇసుక రేణువులు తడుస్తాయో అంతమంది రాక్షసులు పుడతారు. వసిష్ఠ సముద్రంలో కలిసే చోట, కనుచూపు మేర ఇసుక తప్ప మరేమీ లేని చోట నిలబడి ఆ కథ వింటేగానీ ఆ వరం ఎంత భయంకరమైనదో తెలియదు. కొండల దేశంలో అలాంటి వరం పుట్టదు. ద్రాక్షారామం కోనేరులోకి ఏడు గోదావరులూ అంతర్వాహినులుగా వచ్చి చేరతాయని మన పెద్దలు చెబుతారు. నేల కింద ఏడు నదులు నడిచే లోకానికి మీరు కొత్తగా సొరంగాలు కల్పించవలసిన అవసరమేముంది?

విచర్ 3 అనే 2015 నాటి పోలండ్ గేములో కూడా ఇదే గుణం ఉంది. అందులో మిట్టమధ్యాహ్నం పంటచేలలో కనిపించే ఒక ఆడ దయ్యం స్లావు జాతుల జానపద నమ్మకంలోంచి వచ్చింది. మండుటెండలో పొలంలో పడిపోయిన మనుషుల భయం ఆ రూపం దాల్చిందని చదివినప్పుడు, పన్నెండు గంటలప్పుడు చెరువుగట్టుకు పోవద్దని మా నాయనమ్మ చెప్పిన మాట గుర్తుకొచ్చింది.

పేర్ల విషయంలో నాది కొంచెం గట్టి అభిప్రాయం. వార్‌హామర్ అనే ఫాంటసీ ఆటలోని ‘పాత ప్రపంచం’ పటం చూస్తే అది ఐరోపాయేనని తెలిసిపోతుంది. జర్మన్ సామ్రాజ్యం, ఫ్రాన్సు, రష్యా వేషాలు మార్చుకుని అందులో ఉంటాయి. దానివల్ల ఆడేవాళ్లకు ఎక్కువ వివరించనక్కరలేదు. అయితే దూరదేశాలకు వచ్చేసరికి అలాంటి లోకాలు తరచుగా ఏనుగు, పాము, రత్నాలు అన్నంతలోనే ఆగిపోతాయి. మీరు మీ ఊరివాళ్ల కోసం రాస్తున్నారు, మీకు వేషం అక్కరలేదు. లంక, రేవు, ఏటిగట్టు అంటే చాలు, ఆడేవాళ్ల కళ్లముందు లోకం నిలబడుతుంది.

ఒక సంగతి మరిచాను. గోదావరి స్నాన సంకల్పంలో కాటన్‌ను భగీరథుడిగా స్మరించే శ్లోకాన్ని మన పండితులే చదివారు. చరిత్ర పురాణంగా మారడం మన డెల్టాలో కళ్లముందే జరిగింది. అది పని పూర్తయ్యాక జనం ఇచ్చుకున్న గౌరవం కనుక, మీ కథలో కూడా మహిమ ఆనకట్టకు ముందు కాక, తరువాత రావడం న్యాయంగా ఉంటుంది.

సమాధానం – గౌతమిగట్టు

పైవారు నమ్మకాల గురించి బాగా చెప్పారు. నమ్మకం ఒక్కటే చాలదని నా అభిప్రాయం. మంత్రం నీటి మాట కూడా వినాలి. డెల్టా అంటే నది తెచ్చిన ఒండ్రుతో తయారైన నేల. ఈ ఏడు మేట వేసిన చోట వచ్చే ఏడు కోత పడవచ్చు. చాలా గేముల్లో పటం మొదట గీసినది గీసినట్టే చివరిదాకా ఉండిపోతుంది. మీ పటం అలా ఉంటే అది డెల్టా కాదు. ఎర్రనీరు వచ్చి దిగిన ప్రతిసారీ ఒక లంక తరిగి, ఇంకొక లంక పెరగాలి.

దీనిని ఆట నియమంగానే పెట్టుకోవచ్చు. ఒక ఒడ్డున గట్టు ఎత్తు చేస్తే వరద ఎదుటి ఒడ్డును ఒరుసుకుంటుందన్నది ఏటి పక్కన బతికేవారికి ఒకరు చెప్పవలసిన విషయం కాదు. మీ లోకంలో రక్షామంత్రం చదివిన ప్రతిసారీ ఆ నీరు ఎక్కడికి పోయిందో చదివినవాడే చెప్పవలసి ఉండాలి. తన లంకను కాపాడుకోవడానికి మంత్రం వేసిన ఆటగాడు ఎదుటి లంకలోని మేనమామ ఇల్లు మునగడం చూడవలసి వస్తే, ఆ మంత్రానికి బరువు వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదను చూసినవాళ్లు మన మధ్యే ఉన్నారు, వాళ్లను అడగండి. ఏ రాక్షసుడూ అక్కరలేదని మీకే తెలుస్తుంది.

సముద్రం వైపు ఉప్పునీరు ఉంది. వేసవిలో నదిలో నీరు తగ్గితే పోటుతో ఉప్పు పాయల్లోకి ఎగబాకుతుంది. మంచినీటి మంత్రం అమావాస్య, పౌర్ణమి పోట్లకు బలహీనపడుతుందని రాసుకుంటే చంద్రుడు కూడా మీ ఆటలోకి వస్తాడు.

సమాధానం – రేవుపాఠకురాలు

నేను ఒక్క విషయమే చెబుతాను. ఊళ్ల పేర్లు ఉంచండి, నదుల పేర్లు ఉంచండి. కానీ నిత్యం దీపారాధన జరిగే గుడిలోని దేవుడిని పాచికల లెక్కలోకి తీసుకురావద్దు. స్వామికి ఇంత బలం, ఇంత ఆయుష్షు అని అంకెలు వేస్తే ఆటలో కూర్చున్న పెద్దవాళ్లకు మనసు నొచ్చుకుంటుంది, నాకూ నొచ్చుకుంటుంది. స్థలపురాణాన్ని ఊరివాళ్లు చెప్పుకునే కథగా వినిపించండి. దేవుడు కనిపించనక్కరలేదు, గంట వినిపిస్తే చాలు.

అసలు పేర్లు ఉంచితే ఏమవుతుందో జపాన్‌లో చూశాం. 1274 నాటి మంగోలు దండయాత్ర మీద 2020లో వచ్చిన ఘోస్ట్ ఆఫ్ సుషిమా ఆటలో మాయ దాదాపు లేదు, దీవి మాత్రం నిజమైనది. ఆ ఏడాదే తుపానుకు సుషిమాలోని ఒక పుణ్యక్షేత్రపు తోరణం కూలితే, దాన్ని మళ్లీ నిలబెట్టడానికి ఆ ఆట ఆడినవారు ఎందరో చందాలు ఇచ్చారు. 2024లో వచ్చిన బ్లాక్ మిత్ వూకాంగ్ కోసం చైనావారు షాన్షీ ప్రాంతపు పాత ఆలయాలను యంత్రాలతో కొలిచి అచ్చంగా ఆటలో నిలబెట్టారు. కోరంగి రేవు ఒకప్పుడు ఎలా ఉండేదో మన పిల్లలకు చూపించడానికి మీ పటం ఒకటే దొరకవచ్చు. అందుకని దానిని జాగ్రత్తగా గీయండి.

ప్రశ్న అడిగినవారి జవాబు – లంకవాసి

ముగ్గురికీ కృతజ్ఞతలు. సిద్ధుడిని కథలోంచి పూర్తిగా తీసేశాను. ఇప్పుడు ముగింపులో ఆనకట్ట కట్టడం లేదు; ఆటగాళ్లు ఊరూరా తిరిగి కూలీలను పోగుచేయాలి, మంత్రం తెలిసినవాడు కూడా తట్ట మోయాలి. గౌతమిగట్టు గారు చెప్పిన నియమం పెట్టి గడిచిన ఆదివారం ఆడాం. మొదటి మంత్రానికే మా వాడొకడు ఎదుటి లంకను ముంచి, చాలాసేపు పాచికలు ముట్టుకోలేదు.

ఈసారి మావయ్యను కూడా పటం దగ్గర కూర్చోబెట్టాను. పాత క్యాలెండరు వెనక గీసిన పటమది. యానాం దిగువన నేను లోతైన పాయగా నీలంరంగు వేసిన చోట ఆయన పెన్సిలుతో చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ పోయి, "ఇక్కడ మేట ఉంటుంది, పెద్ద పడవ పోదు" అన్నారు. అందువల్ల ఆట అక్కడే ఆగింది. పోటు దిగి పాటు మొదలయ్యే వరకు చిన్న పడవ కూడా కదలదని ఆయన తేల్చి చెప్పారు కనుక, మా వాళ్లు నలుగురూ ఇంకా యానాం రేవులోనే ఉన్నారు.